గడువు పెట్టి పని నడిపించిన ప్రధాని: క్లెమెంట్ అట్లీ ఏం మిగిల్చి వెళ్లారు?

సంక్షిప్తంగా

1945 నుంచి 1951 వరకు బ్రిటన్ ప్రధానిగా ఉన్న క్లెమెంట్ అట్లీ పేరు వినగానే మనకు గుర్తొచ్చేది భారత స్వాతంత్ర్య చట్టం. బ్రిటన్‌లో మాత్రం ఉచిత వైద్యం, సామాజిక బీమా, ప్రభుత్వ రంగ సంస్థలు తెచ్చిన నాయకుడిగా ఆయన్ను తలచుకుంటారు. రెండింటి వెనుకా పని తీరు ఒకటే: ముందు తేదీ ప్రకటించడం, ఆ తేదీ ఒత్తిడితో అందరినీ దారికి తేవడం. ఆ పద్ధతి వైద్యసేవ విషయంలో ఎందుకు నిలబడింది, భారత ఉపఖండంలో ఎందుకు అంత ప్రాణనష్టం మధ్య ముగిసింది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఏటా ఆగస్టు దగ్గరపడగానే వాట్సాప్ గ్రూపుల్లో పాత వాదన మళ్లీ మొదలవుతుంది. స్వాతంత్ర్యం బ్రిటన్ ఇష్టపడి ఇచ్చిందా, గత్యంతరం లేక వదులుకుందా? ఒకరు గాంధీజీ ఉద్యమం అంటారు, ఒకరు ఆజాద్ హింద్ ఫౌజ్ అంటారు, ఇంకొకరు యుద్ధంలో బ్రిటన్ దివాలా తీయడమే కారణం అంటారు. ఈ వాదనలో అట్లీ అనే మనిషి మాత్రం పెద్దగా కనిపించరు. ఆయన ఎక్కడి నుంచి వచ్చారు, ప్రభుత్వాన్ని ఎలా నడిపారు, ఖజానాలో ఎంత ఉంది, ఏ తేదీకల్లా ఏం చేయాలనుకున్నారు అన్నవి పక్కపక్కన పెట్టి చూస్తే ఆ ప్రశ్న కొంత తేటపడుతుంది.

లైమ్‌హౌస్ వీధుల్లో మారిన ఆలోచన

అట్లీ 1883 జనవరి 3న లండన్‌ను ఆనుకుని ఉన్న పట్నీలో పుట్టారు. తండ్రి హెన్రీ పేరున్న సొలిసిటర్. ఎనిమిది మంది పిల్లల్లో ఈయన ఏడోవారు. చదివింది హేలీబరీలో. ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ తన అధికారులకు శిక్షణ ఇచ్చిన కాలేజీ ఆవరణలోనే ఆ స్కూలు నడిచేది. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర చదివి 1906లో బారిస్టర్ అయ్యారు. కాలేజీ రోజుల్లో ఆయన భావాలు కన్జర్వేటివ్ భావాలే.

మార్పు తూర్పు లండన్‌లో వచ్చింది. పేద కుర్రాళ్ల కోసం హేలీబరీ స్కూలు తరఫున స్టెప్నీలో ఒక క్లబ్బు నడిచేది. 1905లో సరదాగా చూసిరావడానికి వెళ్లిన అట్లీ, రెండేళ్లలో దానికి మేనేజరై అక్కడే కాపురం పెట్టారు. అది ఓడరేవు కూలీల ప్రాంతం. తెల్లవారకముందే గేటు దగ్గర నిలబడాలి. మేస్త్రీ వేలు చూపిస్తే ఆ రోజు కూలి, లేకపోతే పస్తు. ఒళ్లు దాచుకోకుండా పనిచేసేవాళ్లు కూడా ఎందుకు పేదలుగానే మిగులుతున్నారో అక్కడ ఆయనకు అర్థమైంది. దానధర్మాలతో ఇది తీరదని, ప్రభుత్వం చట్టం చేస్తేనే తీరుతుందని నమ్మి 1908లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీలో చేరారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీలోని గలిపోలిలో పోరాడారు. సువ్లా తీరం ఖాళీ చేసినప్పుడు చిట్టచివర పడవ ఎక్కినవారిలో ఆయన ఒకరు. మెసపొటేమియాలో (ఇప్పటి ఇరాక్) గాయపడ్డారు. మేజర్ హోదాతో తిరిగొచ్చి 1919లో స్టెప్నీ మేయర్, 1922లో లైమ్‌హౌస్ ఎంపీ అయ్యారు.

1931లో జరిగినది ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. లేబర్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ సొంత పార్టీని వదిలి ప్రత్యర్థులతో ప్రభుత్వం ఏర్పాటు చేశారు. ఆ తర్వాతి ఎన్నికల్లో లేబర్ పార్టీ చిత్తుగా ఓడింది. పెద్ద పేర్లన్నీ కొట్టుకుపోయాయి. అట్లీ 551 ఓట్ల తేడాతో గట్టెక్కారు. సభలో మిగిలిన కొద్దిమందిలో మంత్రిగా పనిచేసిన అనుభవం ఉన్నవారు అరుదు కాబట్టి ఉపనాయకుడయ్యారు, 1935లో నాయకుడయ్యారు. అందరూ తాత్కాలికం అనుకున్న ఆ నాయకత్వం ఇరవై ఏళ్లు సాగింది.

సైమన్ కమిషన్‌లో ఒకరు

తెలుగువారి చరిత్రతో అట్లీకి మొదటి తాకిడి ఇక్కడే. 1927లో వేసిన సైమన్ కమిషన్ ఏడుగురు సభ్యుల్లో ఆయన ఒకరు. ఒక్క భారతీయుడికీ చోటు లేని ఆ కమిషన్ 1928 ఫిబ్రవరి 3న బొంబాయిలో దిగింది. ఎక్కడికి వెళ్లినా నల్లజెండాలు, 'సైమన్ గో బ్యాక్' నినాదాలు. మద్రాసు నిరసనల్లో టంగుటూరి ప్రకాశం పోలీసు తుపాకులకు రొమ్ము చూపించి ఆంధ్రకేసరి అయ్యారు. ఆ నిరసనలు ఎవరి మీద జరిగాయో ఆ బృందంలోనే, పందొమ్మిదేళ్ల తర్వాత స్వాతంత్ర్య బిల్లు తేబోయే ప్రధాని కూడా ఉన్నారన్నది చాలామంది గమనించని విషయం.

కమిషన్ నివేదిక రాష్ట్రాలకు బాధ్యతాయుత ప్రభుత్వం సిఫారసు చేసి, కేంద్రంలో పగ్గాలు బ్రిటిష్ వారి దగ్గరే ఉంచింది. దాని మీద అట్లీ సంతకం ఉంది. కానీ ఊరూరా తిరిగి సాక్ష్యాలు విన్న ఆ పని వల్ల, భారత వ్యవహారాలు దగ్గరగా తెలిసిన కొద్దిమంది లేబర్ ఎంపీల్లో ఆయన ఒకరయ్యారు. 1935 భారత ప్రభుత్వ చట్టం చర్చకు వచ్చేసరికి, అందులో డొమినియన్ హోదా (బ్రిటిష్ రాజరికం కింద స్వయంపాలన) మాటే లేదని విమర్శించే స్థాయికి వచ్చారు.

దీన్ని బట్టి ఆయన మొదటి నుంచీ భారత పక్షపాతి అనుకోవడం తొందరపాటు. 1940 నుంచి చర్చిల్ యుద్ధ కేబినెట్‌లో, 1942 నుంచి ఉపప్రధానిగా ఆయన ఉన్నారు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా తీర్మానం మీద కాంగ్రెస్ నాయకుల అరెస్టుకు లండన్ ఆమోదం తెలిపినప్పుడు చర్చిల్ విదేశీ పర్యటనలో ఉన్నారు. కేబినెట్‌కు అధ్యక్షత వహించింది అట్లీయే. 1943 బెంగాల్ కరవు సమయంలో ధాన్యం ఓడలు చాలినన్ని పంపని ప్రభుత్వంలోనూ ఆయన భాగస్వామి. ఈ పేజీలు తిప్పేసి 1947 మాత్రమే చదివితే లెక్క తప్పుతుంది.

యుద్ధం గెలిపించిన నాయకుడిని ఓటరు ఎందుకు కాదన్నాడు?

1945 జులై 26న ఫలితాలు వచ్చినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపోయింది. లేబర్‌కు 393 సీట్లు, కన్జర్వేటివ్‌లకు 200 లోపే. జర్మనీలో మిత్రదేశాల పోట్స్‌డామ్ శిఖరాగ్ర సమావేశం నడుస్తుండగా బ్రిటన్ తరఫున కుర్చీలో కూర్చునే మనిషి మారిపోయాడు.

కారణం చర్చిల్ మీద కోపం కాదు. 1930ల నిరుద్యోగాన్ని జనం మరిచిపోలేదు. యుద్ధంలో ప్రభుత్వం రేషన్, ఉద్యోగాలు, ఆస్పత్రులు, రవాణా అన్నీ ఒక ప్రణాళికతో నడిపింది. యుద్ధానికి చేయగలిగింది శాంతికాలంలో ఎందుకు చేయలేరన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. 1942 డిసెంబరులో వచ్చిన బెవరిడ్జ్ నివేదిక ఆ ప్రశ్నకు రూపం ఇచ్చింది. లేమి, రోగం, అజ్ఞానం, మురికి, పనిలేమి అనే ఐదు భూతాల మీద యుద్ధం ప్రకటించిన ఆ ప్రభుత్వ నివేదికను జనం లక్షల ప్రతులు కొన్నారు. దాన్ని రాసిన విలియం బెవరిడ్జ్ లిబరల్ భావాలవారు, పుట్టింది బెంగాల్‌లోని రంగ్‌పూర్‌లో.

ఇంకో లెక్క కూడా ఉంది. యుద్ధకాలమంతా చర్చిల్ యుద్ధం చూసుకుంటే, ఇంటి వ్యవహారాల కమిటీలను ఎక్కువగా నడిపింది లేబర్ మంత్రులు. రేషన్ క్యూలో నిలబడే ఓటరుకు రోజూ కనిపించిన ప్రభుత్వం వాళ్లదే.

మాట తక్కువ, పట్టు ఎక్కువ

అట్లీ వక్త కాదు. రేడియోలో ఆయన మాట చప్పగా ఉండేది. ప్రచారానికి భార్య వయొలెట్ నడిపే చిన్న కారులో వెళ్లేవారు. అలాంటి మనిషి కింద ఎర్నెస్ట్ బెవిన్, హెర్బర్ట్ మారిసన్, స్టాఫర్డ్ క్రిప్స్, హ్యూ డాల్టన్, అన్యూరిన్ బెవాన్ లాంటి ఘటికులు ఏళ్ల తరబడి పనిచేశారంటే అది ఎలా సాధ్యమైంది?

ఆయన కేబినెట్‌ను పంచాయతీ పెద్దలా నడిపారు. కాగితాలు చదివి వచ్చినవారికే మాట్లాడే అవకాశం. అందరి మాటా విన్నాక రెండు వాక్యాల్లో నిర్ణయం చెప్పి తర్వాతి అంశానికి వెళ్లేవారు. పార్టీ అధ్యక్షుడు హెరాల్డ్ లాస్కీ పదేపదే బహిరంగ ప్రకటనలు చేస్తుంటే, మీరు కొంతకాలం మౌనంగా ఉంటే బాగుంటుందని ఉత్తరం రాసి ఆ విషయం ముగించారు. 1947 సెప్టెంబరులో క్రిప్స్ స్వయంగా వచ్చి, మీరు దిగిపోయి బెవిన్‌కు అప్పగించండి అన్నారు. అట్లీ కోపగించుకోలేదు. బెవిన్‌కు ఆ ఆసక్తి లేదని తేల్చి, క్రిప్స్‌కే ఆర్థిక వ్యవహారాల కొత్త శాఖ ఇచ్చారు. కుట్ర అక్కడితో ఆగింది.

బలమైన మంత్రికి పని అప్పగించి, తేదీ పెట్టి, వెనక నిలబడటం ఆయన పద్ధతి. వైద్యం బెవాన్‌కు, విదేశాంగం బెవిన్‌కు. భారత్ విషయంలో మాత్రం ముఖ్య నిర్ణయాలు ఆయన చేతిలోనే ఉన్నాయి.

ఖజానా పరిస్థితి

ఈ పనులన్నిటికీ డబ్బు లేదు. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పు దేశ వార్షిక ఆదాయానికి రెండు రెట్లు దాటింది. 1945 ఆగస్టులో అమెరికా తన యుద్ధ సాయాన్ని ఉన్నపళంగా ఆపేసింది. ఆర్థికవేత్త కీన్స్ వాషింగ్టన్ వెళ్లి 2 శాతం వడ్డీకి 375 కోట్ల డాలర్ల అప్పు తెచ్చారు. కెనడా మరో 125 కోట్లు ఇచ్చింది. అమెరికా అప్పుకు ఒక షరతు: పౌండును అడిగినవారికి డాలర్లుగా మార్చివ్వాలి. 1947 జులై 15న ఆ షరతు అమలుచేయగానే డాలర్లు వరదలా బయటికి పోయాయి. ఐదు వారాల్లో, ఆగస్టు 20న, దాన్ని ఆపేయాల్సి వచ్చింది. అంటే భారత్ స్వతంత్రమైన రోజున లండన్ తన చరిత్రలోనే పెద్ద కరెన్సీ సంక్షోభాల్లో ఒకదాని నడుమ ఉంది.

భారత్‌కూ బ్రిటన్ బాకీ పడింది. యుద్ధకాలంలో ఇక్కడ కొన్న సరుకుకు, ఇక్కడి సైన్యం ఖర్చుకు అప్పటికప్పుడు చెల్లించకుండా లండన్‌లో పద్దు రాసుకుంది. ఆ పద్దు మీద ఇక్కడ రిజర్వ్ బ్యాంకు నోట్లు ముద్రించింది. ధరలు మండిపోయాయి. అలా పోగుపడిన స్టెర్లింగ్ నిల్వలు స్వాతంత్ర్యం నాటికి వంద కోట్ల పౌండ్లు దాటాయి. ఒకప్పుడు అప్పిచ్చిన సామ్రాజ్యం, పాలిస్తున్న దేశానికే బాకీదారు అయింది. సామ్రాజ్యం గిట్టుబాటు కాని స్థితికి చేరిందనడానికి ఇంతకన్నా సూటి ఆధారం అక్కర్లేదు.

బ్రిటన్ ప్రజలకూ ఆ రోజులు కటకటగానే గడిచాయి. యుద్ధంలో కూడా లేని రొట్టె రేషన్ 1946 జులైలో మొదలై రెండేళ్లు నడిచింది. 1949 సెప్టెంబరులో పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80కి తగ్గించారు. భారత్ కూడా రూపాయిని అదే దారిలో తగ్గించింది.

1948 జులై 5: వైద్యానికి పెట్టిన తేదీ

జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, ఖాళీ స్థలంలో కట్టిన ఇల్లు కాదు. 1911 బీమా చట్టం కింద పనిచేసే కార్మికుడికి డాక్టరు ఉండేవాడు. అతని భార్యకు, పిల్లలకు ఆ సదుపాయం లేదు. ఆస్పత్రులు రెండు రకాలు: విరాళాలతో నడిచేవి, మున్సిపాలిటీలు నడిపేవి. విరాళాల ఆస్పత్రులు యుద్ధానికి ముందే అప్పుల్లో ఉన్నాయి. యుద్ధంలో వాటన్నిటినీ అత్యవసర సేవ కింద ప్రభుత్వమే సమన్వయం చేసి, జీతాలిచ్చి నడిపింది. చట్టం రాకముందే చేతలో సగం పని జరిగింది.

బెవాన్ ఆస్పత్రులన్నిటినీ ప్రభుత్వపరం చేశారు. ఖర్చు ప్రధానంగా పన్నుల నుంచి. రోగి దగ్గర రూక తీసుకోరు. చట్టానికి రాజముద్ర పడింది 1946 నవంబరు 6న. అమలు తేదీ 1948 జులై 5. మధ్యలో ఇరవై నెలలు.

ఆ ఇరవై నెలల్లోనే అసలు పోరాటం. 1948 ఫిబ్రవరిలో డాక్టర్ల సంఘం నిర్వహించిన ఓటింగ్‌లో దాదాపు పదిమందిలో తొమ్మిదిమంది చట్టాన్ని తిరస్కరించారు. ప్రభుత్వం తేదీ మార్చలేదు. షరతుల్లో మాత్రం పట్టువిడుపులు చూపింది. పెద్దాస్పత్రుల స్పెషలిస్టులకు మంచి జీతంతోపాటు ప్రైవేటు రోగులను చూసుకునే వీలిచ్చింది. వీధి డాక్టర్లను జీతగాళ్లుగా మార్చబోమని, వాళ్ల జాబితాలో ఎందరు రోగులుంటే అంత లెక్కన చెల్లిస్తామని చట్టంలోనే రాస్తామంది. ప్రాక్టీసులు అమ్ముకునే ఆచారాన్ని రద్దు చేసి, నష్టపరిహారంగా 6.6 కోట్ల పౌండ్లు కేటాయించింది. మరోవైపు జనం తమ పేర్లు నమోదు చేసుకోవడం మొదలుపెట్టారు. పక్క వీధి డాక్టరు చేరితే తన రోగులు అటు పోతారన్న టెన్షన్ ప్రతి డాక్టరుకూ పట్టుకుంది. జులై 5 వచ్చేసరికి అత్యధికులు చేరిపోయారు. పింఛను, నిరుద్యోగ భృతి ఇచ్చే జాతీయ బీమా కూడా అదే రోజు మొదలైంది. శతాబ్దాల నాటి పేదల చట్టం రద్దయింది.

ఖర్చు అంచనాలు దాటింది. ఏళ్లుగా కళ్లద్దాలకు, కట్టుడు పళ్లకు డబ్బుల్లేక ఓర్చుకున్నవాళ్లు ఒక్కసారిగా వచ్చారు. 1951లో కొరియా యుద్ధం కోసం రక్షణ ఖర్చు పెంచాల్సి వచ్చి, వాటికి రుసుము పెట్టారు. బెవాన్ రాజీనామా చేశారు. యువమంత్రి హెరాల్డ్ విల్సన్ కూడా ఆయన వెంట వెళ్లారు.

ఈ వ్యవస్థ మొదటి నుంచీ డాక్టర్ల కొరతతో నడిచింది. భారతీయ వైద్య డిగ్రీలకు అక్కడ 1970ల దాకా నేరుగా గుర్తింపు ఉండేది కాబట్టి ఆ కొరతను పూడ్చినవారిలో మనవాళ్లు చాలామంది ఉన్నారు. వేల్స్ గని ఊళ్లలో, ఉత్తర ఇంగ్లండ్ పారిశ్రామిక పట్టణాల్లో, అక్కడి డాక్టర్లు ఇష్టపడని వృద్ధుల వార్డుల్లో వాళ్లు పనిచేశారు. విశాఖ, గుంటూరు, హైదరాబాద్ మెడికల్ కాలేజీల్లో చదివి అక్కడే స్థిరపడిన తెలుగు డాక్టర్ల కుటుంబాలు ఈ రోజుకీ ఆ సేవలో ఉన్నాయి.

1948 జూన్ నుంచి 1947 ఆగస్టుకు

1946 జనవరిలోనే అట్లీ కేబినెట్ మంత్రుల బృందాన్ని భారత్ పంపాలని నిర్ణయించింది. ప్రకటన ఫిబ్రవరి 19న, అంటే బొంబాయి నావికుల తిరుగుబాటు మొదలైన మర్నాడు వెలువడింది. తిరుగుబాటు వల్లే బృందం వచ్చిందన్న మాట తేదీల దగ్గర నిలబడదు. అయితే ఆ తిరుగుబాటు, ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ విచారణ మీద రేగిన ఆగ్రహం కలిసి, ఇక భారత సైన్యాన్ని నమ్ముకుని పాలించలేమన్న అంచనాను గట్టిపరిచాయి. ఫౌజ్ వల్లే వెళ్లామని, గాంధీ ప్రభావం స్వల్పమని అట్లీ అన్నట్టు తిరిగే మాటకు ఆధారం మాత్రం ఒక్కటే. 1956లో కలకత్తాలో ఆయనతో మాట్లాడిన తాత్కాలిక గవర్నర్ పి.బి. చక్రవర్తి చాలా ఏళ్ల తర్వాత రాసిన ఉత్తరం అది. ఒక్క ఉత్తరం మీద అంత పెద్ద తీర్పు నిలపడం కష్టం.

1946 మార్చి 15న బ్రిటన్ పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో అట్లీ, మైనారిటీ వర్గం మెజారిటీ ముందడుగును వీటో చేయడాన్ని ఒప్పుకోబోమన్నారు. కానీ ఆ బృందంలోని పెథిక్ లారెన్స్, క్రిప్స్, అలెగ్జాండర్ ఐక్య భారత్ కోసం తెచ్చిన మే 16 ప్రణాళిక కాంగ్రెస్, ముస్లిం లీగ్‌ల మధ్య నలిగిపోయింది. ఆగస్టులో కలకత్తా మారణకాండ జరిగింది. వైస్రాయ్ వేవెల్ దశలవారీగా, ప్రాంతాలవారీగా వెనక్కి వచ్చే సైనిక పథకం పంపితే అట్లీ కాదన్నారు. అది ఓడిపోయి పారిపోయినట్టు ఉంటుందన్నది ఆయన భయం.

దాని బదులు తన పద్ధతే వాడారు. 1947 ఫిబ్రవరి 20న ప్రకటన: 1948 జూన్ దాటకుండా అధికారం అప్పగిస్తాం. వేవెల్ స్థానంలో మౌంట్‌బాటెన్. తేదీ పెడితేనే కాంగ్రెస్, లీగ్ దిగివస్తాయన్నది లెక్క. జరిగింది వేరు. బ్రిటిష్ వారు వెళ్లేలోపు ఎవరి ప్రాంతం వారు పట్టుకోవాలన్న ఆత్రం పెరిగింది. రెండు వారాల్లో పంజాబ్ మంత్రివర్గం కూలి, అల్లర్లు అంటుకున్నాయి. అప్పుడు తేదీని ఇంకా ముందుకు జరిపారు. జూన్ 3న విభజన ప్రకటన, జులై 18న చట్టం, ఆగస్టు 15న అధికార మార్పిడి. అంతకుముందెన్నడూ భారత్ చూడని బ్రిటిష్ న్యాయవాది రాడ్‌క్లిఫ్ జులై 8న వచ్చి ఐదు వారాల్లో సరిహద్దు గీశారు. అది జనానికి తెలిసింది ఆగస్టు 17న. తమ ఊరు ఏ దేశంలో ఉందో తెలియకుండానే లక్షలమంది స్వాతంత్ర్య దినం గడిపారు. కోటికి పైగా జనం ఇళ్లు వదిలారు. మృతుల అంచనాలు 2 లక్షల నుంచి 20 లక్షల దాకా ఉన్నాయి.

రెండు గడువుల తేడా

వైద్యసేవకు గడువు పెట్టినప్పుడు ఇరవై నెలల సమయం ఉంది, ఆస్పత్రులు నడుస్తున్నాయి, చెల్లించే చేయి ప్రభుత్వానిదే. ఎదుటివారికి ఇవ్వడానికి ఏదో ఒకటి ఉంది. డాక్టరు మొండికేస్తే నష్టపోయేది డాక్టరే.

భారత్‌లో ఇవేవీ లేవు. యుద్ధకాలంలో ఐసీఎస్ (ఇండియన్ సివిల్ సర్వీస్) నియామకాలు ఆగిపోయాయి, ఉన్నవారు అలసిపోయారు. బ్రిటిష్ సైనికులు ఇళ్లకు వెళ్లాలని తొందరపడుతున్నారు. ఇవ్వడానికి మిగిలింది అధికారం ఒక్కటే, దాన్ని ఇస్తామని ముందే ప్రకటించేశారు. మొండికేసిన నాయకుడికి నష్టం లేదు. నష్టమంతా లాహోర్, అమృత్‌సర్ జనానిది. గడువు బేరానికి పనికొస్తుంది, శాంతిభద్రతలకు పనికిరాదు. ఈ తేడా గుర్తించకపోవడం అట్లీ ప్రభుత్వం చేసిన అతి పెద్ద పొరపాటు. 1948 మే నెలలో పాలస్తీనాను అప్పగించే ఏర్పాటేదీ లేకుండానే తేదీ ప్రకారం వదిలేసి రావడంలో అదే పొరపాటు మళ్లీ కనిపిస్తుంది.

చిన్న స్థాయిలో ఇంకో ఉదాహరణ ఉంది. వంటనూనె కొరత తీర్చడానికి 1947లో టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా) లక్షల ఎకరాల వేరుశనగ సాగు తలపెట్టారు. వర్షపాతం, నేల స్వభావం సరిగా పరీక్షించకుండానే ట్రాక్టర్లు దించారు. ఊడలు దిగాలంటే నేల గుల్లగా ఉండాలని అనంతపురం రైతును అడిగినా చెప్పేవాడు. సాగు మొదలుపెట్టిన కొంగ్వా నేల ఎండితే రాయిలా గట్టిపడే బంకమట్టి. దాదాపు 3.6 కోట్ల పౌండ్లు పోయాక 1951లో ఆ పథకం ఎత్తేశారు.

హైదరాబాద్‌కు తగిలిన సెక్షన్

స్వాతంత్ర్య చట్టంలోని 7వ సెక్షన్ సంస్థానాల మీద బ్రిటిష్ రాజరికపు పారమౌంట్సీ, అంటే పెత్తనం, ఆగస్టు 15తో ముగుస్తుందని చెప్పింది. ఆ అధికారాన్ని ఢిల్లీకి బదిలీ చేయలేదు. చట్టం మాటల్లో చూస్తే సంస్థానాధీశుడు ఎవరికీ లోబడి లేడు. అట్లీ మాత్రం సంస్థానాలన్నీ ఏదో ఒక డొమినియన్‌లో చేరతాయని ఆశిస్తున్నట్టు సభలో చెప్పారు. చట్టం ఒక తలుపు తెరిచి ఉంచితే, ప్రభుత్వం ఆ తలుపు లోంచి ఎవరూ వెళ్లకూడదని కోరుకుంది.

నిజాం ఆ తలుపు లోంచే వెళ్లాలనుకున్నారు. ఇంగ్లిష్ న్యాయవాది వాల్టర్ మాంక్టన్ సలహాలతో చర్చలు నడిపి, 1947 నవంబరులో భారత్‌తో ఏడాదికి యథాతథ ఒప్పందం చేసుకున్నారు. ఆ మధ్యకాలం తెలంగాణ పల్లెలకు ఎలా గడిచిందో ఇక్కడ చెప్పనక్కర్లేదు. రజాకార్ల దాడులు, సాయుధ పోరాటం, చివరికి 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. చర్చిల్ కామన్స్‌లో హైదరాబాద్ తరఫున గట్టిగా మాట్లాడారు. అట్లీ ప్రభుత్వం జోక్యం చేసుకోలేదు. దేశం వదిలేటప్పుడు ఒక్క వాక్యంలో తేల్చాల్సిన విషయాన్ని తేల్చకపోవడం వల్ల, తెలుగు నేలలో సగం పదమూడు నెలలు ఆలస్యంగా భారత్‌లో భాగమైంది.

ఎక్కువ ఓట్లు, తక్కువ సీట్లు

1950 ఎన్నికల్లో లేబర్ ఆధిక్యం ఐదు సీట్లకు పడిపోయింది. 1951 అక్టోబరులో అట్లీ మళ్లీ ప్రజల ముందుకు వెళ్లారు. లేబర్‌కు దాదాపు 1.39 కోట్ల ఓట్లు వచ్చాయి, కన్జర్వేటివ్ కూటమికి 1.37 కోట్లు. సీట్లు మాత్రం 295, 321. గని ప్రాంతాల్లో, మురికివాడల్లో లేబర్‌కు భారీ మెజారిటీలు కుప్పపడ్డాయి, పోటీ గట్టిగా ఉన్న శివారు సీట్లు చేజారాయి. లిబరల్ పార్టీ 1950లో 475 మందిని నిలబెట్టి 1951లో 109 మందికే పరిమితమైంది. అభ్యర్థి లేని లిబరల్ ఓటరు ఎక్కువగా కన్జర్వేటివ్ వైపు మొగ్గాడు. ఒక్కో నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే ఈ పద్ధతిని మనం కూడా అక్కడి నుంచే తెచ్చుకున్నాం కాబట్టి ఈ లెక్క మనకు కొత్త కాదు.

ఏవి నిలిచాయి, ఏవి పోయాయి

తిరిగొచ్చిన చర్చిల్ ప్రభుత్వం అట్లీ జాతీయం చేసిన ఉక్కును, లారీ రవాణాను వెనక్కి ప్రైవేటుకు ఇచ్చింది తప్ప, ఎన్‌హెచ్‌ఎస్‌ను, బీమాను, మిగతా ప్రభుత్వ రంగాన్ని దాదాపు అలాగే ఉంచింది. ప్రధానిగా థాచర్ రాకతో గ్యాస్, ఆ మధ్య మళ్లీ జాతీయమైన ఉక్కు, విద్యుత్తు వరుసగా ప్రైవేటుపరం అయ్యాయి. 1990ల్లో బొగ్గు, రైళ్లు పోయాయి. రైళ్లు ఇప్పుడు మళ్లీ ప్రభుత్వం చేతికి వస్తున్నాయి. 2024లో చేసిన చట్టం ప్రకారం, ప్రైవేటు ఒప్పందాలు ముగిసేకొద్దీ కంపెనీలను వెనక్కి తీసుకుంటున్నారు. 1946లో జాతీయం చేసిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ జోలికి ఎవరూ వెళ్లలేదు. ఎన్‌హెచ్‌ఎస్‌ను తీసేస్తామని చెప్పే ధైర్యం ఏ పెద్ద పార్టీకీ రాలేదు. కొద్దిమంది మాత్రమే వాడుకునే సేవ అయితే ఎప్పుడో పోయేది. ఇంటింటికీ అందింది కాబట్టే నిలిచింది.

అంతగా చర్చకు రాని వారసత్వం అణుబాంబు. 1947 జనవరిలో కొద్దిమంది మంత్రులతో రహస్యంగా సమావేశమై అట్లీ బ్రిటన్ సొంత బాంబుకు అనుమతిచ్చారు. మొత్తం కేబినెట్‌కు ఆ విషయం చెప్పలేదు. ప్రతి కాగితం కేబినెట్ ముందు పెట్టే మనిషి, అతి పెద్ద నిర్ణయాన్ని అలా తీసుకున్నారు. 1949లో భారత్ గణతంత్రంగా ఉంటూనే కామన్వెల్త్‌లో కొనసాగే ఏర్పాటు కూడా ఆయన హయాంలోనిదే.

1955లో అట్లీ పార్టీ నాయకత్వం వదిలారు. 1967 అక్టోబరు 8న చనిపోయేనాటికి ఆయన ఆస్తి విలువ 7,295 పౌండ్లు. 2004లో బ్రిటిష్ విశ్వవిద్యాలయాల అధ్యాపకుల సర్వే ఇరవయ్యో శతాబ్దపు ప్రధానుల్లో ఆయనకు మొదటి స్థానం ఇచ్చింది.

ఆయన కాలం పద్దులు తెగడానికి అంతకన్నా ఎక్కువ సమయం పట్టింది. కీన్స్ తెచ్చిన అమెరికా అప్పులో చివరి వాయిదాను బ్రిటన్ 2006 డిసెంబరు చివర్లో కట్టింది. హైదరాబాద్ లొంగిపోయాక మూడు రోజులకు, 1948 సెప్టెంబరు 20న, సంస్థానం డబ్బు పది లక్షల పౌండ్లకు పైగా లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారింది. అది ఎవరిదో తేలడానికి 71 ఏళ్లు పట్టింది. 2019 అక్టోబరు 2న, వడ్డీతో దాదాపు 3.5 కోట్ల పౌండ్లు అయిన ఆ మొత్తం భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు చెందుతుందని లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది.